ప్రాక్సీ యంత్రములకుఁ బని పంచు విధము



విద్యాలయములందును కార్యాలయములందును వందలకొలఁది జనులు ఒకేసారి అంతర్జాలమును జూడఁగోరుదురు. వెలుపలికిఁ బోవు మార్గము ఇఱుకు. అందుచే నడుమ ప్రాక్సీ సర్వరు అను యంత్రమును నిలుపుదురు. ప్రాక్సీ యనఁగాఁ బ్రతినిధి. మన తరఫున సంతకుఁ బోయి సరకు తెచ్చి, అందుఁ గొంత తన గాదెలో దాఁచి, మఱియొకఁ డడిగినప్పుడు మరల సంతకుఁ బోకయే యిచ్చు మనుష్యునివంటి దీ యంత్రము.

జనము పెరిగినకొలఁది ఒక్కదానికి భారము మిక్కుటమగును. నాలుగింటిని నిలుపవలసివచ్చును. అప్పు డెవరి నే యంత్రమునకుఁ బంపవలెను? 1996వ సంవత్సరమున నెట్‌స్కేపు సంస్థవారు తమ నావిగేటరు 2.0 బ్రౌజరునందు దీనికొక యుపాయమును గల్పించిరి. జావాస్క్రిప్టు భాషలో వ్రాసిన చిన్న విధిపత్రము నొకచోట నుంచిన, ప్రతి బ్రౌజరును దానిని దనంతటఁ దానే చదివికొని, ఏ పుటకై యే ప్రాక్సీ నడుగవలెనో తెలిసికొనును. ఒక్కొక్కరికిఁ బోయి చెప్పనక్కఱలేదు. పత్రము రెండు మూఁడు యంత్రముల పేళ్లు వరుసగాఁ జెప్పవచ్చును. మొదటిది పలుకకున్న బ్రౌజరు రెండవదాని నాశ్రయించును.

చీట్లు వేసి పంచిన భారము సమమగును గాని గాదె వ్యర్థమగును. ఒకటి తెచ్చి దాఁచిన పుటనే తక్కిన మూఁడును మరలఁ దెచ్చును. కావున పుట చిరునామానుబట్టి పంచుట మేలు. యంత్రములకు 0, 1, 2, 3 అని గుఱుతులు పెట్టి, చిరునామా యక్షరములకుఁ గటపయాది రీతి సంఖ్యలు గట్టి కూడి, గృహమునకు ఆయము గట్టునట్లు భాగించి శేషముఁ గొనవలెను. మొత్తము 90 అయిన, 4చే భాగింప శేషము 2. ఆ పుట నెవ్వ రడిగినను 2 గుఱుతు గల యంత్రమే తెచ్చి యిచ్చును.

ఇందొక చిక్కు గలదు. ఒక యంత్రము చెడి మూఁడే మిగిలిన భాజకము మాఱును. అదే 90కి శేషము సున్న. చెడని యంత్రముల వంతులుకూడఁ దాఱుమాఱగును. 1996లోనే మిచిగన్ విశ్వవిద్యాలయమున థేలరు, రవిశంకర్ అనువారు దీనికి మార్గము చూపిరి. చిరునామాను ఒక్కొక్క యంత్రపుఁబేరితోఁ గలిపి గణించి మార్కులు వేసి, హెచ్చు మార్కు వచ్చినదానికిఁ బని యీవలెను. అది పడిపోయిన, తరువాతి మార్కు గలదానికి. పడినదాని వంతు మాత్రమే చేతులు మాఱును, తక్కినవి కదలవు.

నేఁడు పుటలలోఁ బెక్కులు ముద్రవేసిన లకోటాలవలె గూఢలిపిలో వచ్చుచున్నవి. నడుమనున్న యంత్రము వానిని విప్పి దాఁచుకొనుట సాధారణముగా సాధ్యము గాదు. గాదె ఫలము తగ్గినను, భారము పంచుటకై పెద్ద కార్యాలయములు విధిపత్రమును వాడుచునే యున్నవి.

అయితే ఆ పత్రము చేజిక్కినవానికి అందఱి దారియు చేజిక్కినట్లే. దొంగ దానిని మార్చిన, జనులు తెలియకయే దొంగ ద్వారమునకుఁ బోవుదురు. వా రే చోటుల దర్శించుచున్నారో వాఁ డెఱుఁగును. చెఱువునకుఁ దూము లెన్ని యున్నను నీరుగంటి నమ్మకస్థుఁడు గావలెను గదా! మీ గ్రామ పాఠశాలలో నిట్టి యేర్పాటున్నయెడల, ఆ పత్రమును మార్చు నధికార మెవరి చేత నున్నదో తప్పక యడుగుఁడు.