వాకిట్లో బిళ్ళగన్నేరు



జంగారెడ్డిగూడెంలో మా వీధిలో ఏ ఇంటి ముందు చూసినా రెండు బిళ్ళగన్నేరు మొక్కలు ఉంటాయి. ఎవరూ పనిగట్టుకుని నాటరు. నీళ్ళు పోసినా, పోయకపోయినా పూస్తాయి. పొద్దున్నే దేవుడి పటాలకు నాలుగు పూలు కోసుకుని, ఆ తర్వాత దాని సంగతే మరచిపోతాం.

మొన్న మా పక్కింటి పిన్నిగారు పరగడుపున ఆ ఆకులు నములుతూ కనిపించారు. "ఇదేమిటి పిన్నిగారూ?" అంటే, "షుగరుకి మంచిదటమ్మా. ఆకేగా, ఏం చేస్తుందీ?" అన్నారు. ఏం చేస్తుందో చెప్పుకుందామనే ఈనాటి ప్రసంగం.

ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపం. చక్కెర వ్యాధికి పనిచేస్తుందన్న మాట విని, 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు దీని రసాన్ని ఎలుకలకిచ్చి చూశారు. చక్కెర తగ్గలేదు గాని, రక్తంలో తెల్లకణాలు తగ్గిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బే కదా రక్తపు క్యాన్సర్! అలా విన్‌బ్లాస్టిన్, తర్వాత వింక్రిస్టీన్ అనే మందులు ఈ మొక్క నుంచి వచ్చాయి.

పసిపిల్లల రక్తపు క్యాన్సర్‌కు ఈనాటికీ వింక్రిస్టీన్ ఇస్తారు. దానితోపాటు ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆ కోవ మందులకు బాట వేసిన వారిలో ముఖ్యులు 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మన వాకిటి మొక్కా, మన గోదావరి బిడ్డా కలిసి ఎందరో తల్లుల కడుపు నిలబెడుతున్నారన్నమాట.

అయితే చిక్కేమిటంటే, ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి 500 కిలోలకు పైగా ఎండుటాకు కావాలి. ఎందుకంత తక్కువ? ఆ మందు రెండు ముక్కలు అతికితే తయారవుతుంది. ఒకటి కాథరాంథిన్, రెండోది విండోలిన్. మొదటిది ఆకు పైనున్న మైనపు పొరలోకి చేరుతుంది, రెండోది ఆకు లోపలి కణాల్లో ఉంటుంది. పెళ్ళికొడుకు వీధి అరుగు మీద, పెళ్ళికూతురు లోపలి గదిలో ఉంటే పెళ్ళెలా జరుగుతుంది చెప్పండి!

ఈ వంట ఆకులో ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు జన్యువులను పట్టుకున్నారు. ఒక్కో జన్యువూ ఒక్కో వంటమనిషిని పంపుతుంది. ఆ మనిషిని ఎంజైము అంటారు. పెళ్ళివారింట పప్పు రుబ్బే మనిషి రాకపోతే ఏమవుతుంది? నానబోసిన పప్పు గంగాళంలోనే ఉండిపోతుంది, బూరెలు రావు. అలాగే ఒక్కొక్క జన్యువును పనిచేయకుండా ఆపి, ఆకులో ఏ పదార్థం పేరుకుపోయిందో చూశారు. అనుమానమున్న జన్యువులను మన మెట్ట ప్రాంతంలో పండే పొగాకుకు చుట్టమైన ఒక ఆస్ట్రేలియా మొక్కలో పెట్టి కూడా పరీక్షించారు. ఇంగ్లండులో సారా ఓకానర్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం 2018లో, అంతవరకు దొరకని ఎంజైములను కనిపెట్టింది. ఆ తర్వాత 2022లో కాలిఫోర్నియాలో జే కీస్లింగ్ బృందం ముప్పైకి పైగా మొక్క జన్యువులను ఈస్ట్‌లో పెట్టి, ఆ రెండు ముక్కలనూ దానిచేత చేయించి, బయట అతికించింది. చేతికొచ్చింది రవ్వంతే, కాని దారి తెలిసింది.

ఇదంతా ఎందుకంటారా? 2019లో అమెరికా అంతటి దేశంలో వింక్రిస్టీన్‌కు కరువు వచ్చింది. పిల్లల తల్లిదండ్రులు అల్లాడిపోయారు. మందు తయారీకి మరో దారి ఉంటే అలాంటి గండాలను తట్టుకోవడానికి కొంత ఆసరా.

ఇక పిన్నిగారి మాటకు వస్తాను. ఆ ఆకులో నూరుకు పైగా ఇలాంటి పదార్థాలున్నాయి. రక్తపోటును తగ్గించేవీ ఉన్నాయి. ఏది ఎంత ఉందో నాలుకకు తెలియదు. ఒక మొక్కలో ఉన్న పాళ్ళు మరో మొక్కలో ఉండవు. వింక్రిస్టీన్‌ను వైద్యులు మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. పాలు మించితే నరాలు దెబ్బతింటాయి.

అందుచేత పూలు దేవుడికి పెట్టండి, ఆకు మాత్రం నోట పెట్టకండి. ఇప్పటికే నములుతున్నవారు డాక్టరుగారి దగ్గర దాచకుండా చెప్పండి. మా పిన్నిగారు చెప్పారు. షుగరు బిళ్ళ వేళకు వేసుకుంటున్నారు. మొక్క మాత్రం వాకిట్లో ఎప్పటిలాగే పూస్తోంది.