స్వలింగ ప్రేమికుడైన జవాను, మన విశ్వాసం
(రామచంద్రపురంలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆయన మిలట్రీలో పనిచేసి వచ్చిన మనిషి, దేవుడికి దణ్ణం పెట్టకుండా గడప దాటని మనిషి. సైన్యానికీ భక్తికీ రెంటికీ సంబంధించిన విషయం మాట్లాడమన్నారు నిర్వాహకులు. మన సభల్లో ఎవరూ ఎత్తని విషయమే ఎత్తుకున్నాను. మగవాణ్ణి ప్రేమించే మగపిల్లవాడు, ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్ల, యూనిఫారం వేసుకుని దేశానికి కాపలా కాస్తానంటే, దేవుణ్ణి నమ్మే మనం ఏమనాలి? నా సమాధానం ముందే చెప్పేస్తాను. విశ్వాసం పేరు చెప్పి వాళ్లను ఆపే హక్కు మనకు లేదు. దేవుణ్ణి నమ్మేవాణ్ణి కాబట్టే ఈ మాట అంటున్నాను.

ముందు చట్టం సంగతి. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసిన ఇద్దరు వయోజనుల ప్రేమ నేరం కాదని తేల్చింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ పట్టు అక్కడితో పోయింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. బయటి లోకంలో ఇంత మారినా 1950 నాటి సైన్య చట్టంలో 46వ సెక్షన్ అలాగే ఉంది. ‘అసహజమైన’ అవమానకర ప్రవర్తనకు కోర్టు మార్షల్ జరిపి ఏడేళ్ల దాకా జైలుశిక్ష వేయవచ్చని అది చెబుతుంది. ఏది సహజం, ఏది అసహజం అన్నది అందులో ఎక్కడా రాయలేదు. తీర్పు వచ్చిన నాలుగు నెలలకు, 2019 జనవరిలో, అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ విలేకరుల ముందు, సైన్యం సంప్రదాయబద్ధమైనదనీ, ఇలాంటివి సైన్యంలో జరగనివ్వబోమనీ చెప్పారు. రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల హక్కులకు పరిమితులు పెట్టే అధికారం పార్లమెంటుకు ఇచ్చిన మాట నిజమే. కానీ ఎందుకోసం ఇచ్చింది? విధులు సక్రమంగా సాగడానికి, క్రమశిక్షణ నిలవడానికి. ఒకడు ఎవరిని ప్రేమిస్తున్నాడన్నది అతని తుపాకీ గురిని మార్చదు, రాత్రి కాపలాలో అతనికి కునుకు తెప్పించదు.

ఇదంతా ఎక్కడో ఢిల్లీ గొడవ అనుకోకండి. విశాఖపట్నంలో ఐఎన్‌ఎస్ ఏకశిల అనే నౌకాదళ స్థావరం ఉంది. 2010లో నౌకాదళంలో చేరిన ఒక నావికుడు అక్కడ పనిచేశాడు. సెలవులో శస్త్రచికిత్స చేయించుకుని, సాబీ అనే స్త్రీగా తిరిగి వచ్చింది. తనను నెలల తరబడి మానసిక రోగుల వార్డులో ఉంచారని ఆమె చెప్పుకుంది. 2017 అక్టోబరులో ‘ఇక సేవలు అవసరం లేదు’ అనే నిబంధన కింద ఉద్యోగం తీసేశారు. చేర్చుకున్నప్పటి లింగాన్ని కావాలని మార్చుకున్నదన్నది నౌకాదళం చెప్పిన కారణం. ఆమె ట్రాన్స్ మహిళ. స్వలింగ ప్రేమ వేరు, ఇది వేరు, రెంటినీ కలిపి చూడకూడదు. అయినా ‘నీ పని బాగుందా లేదా’ అని అడగకుండా ‘నువ్వెవరు’ అని అడిగి బయటికి పంపడం రెండు చోట్లా ఉన్నదే. అప్పుడు నౌకాదళంలో మహిళా నావికులు లేరు. 2023 మార్చిలో ఒడిశాలోని చిల్కాలో నౌకాదళ శిక్షణ ముగించుకుని మహిళా అగ్నివీరులు కవాతు చేశారు. ఆరేళ్లలో నియమం మారింది. సాబీ ఉద్యోగం మాత్రం వెనక్కి రాలేదు.

ఇక మతం దగ్గరికి వద్దాం. 2009లో ఢిల్లీ హైకోర్టు 377ను పక్కన పెట్టినప్పుడు, సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్లినవాళ్లలో ముస్లిం సంస్థలున్నాయి, క్రైస్తవ సంస్థలున్నాయి, మనుధర్మం పేరు పెట్టుకున్న హిందూ సంస్థ ఉంది. మిగతా రోజుల్లో ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్లు ఈ ఒక్క విషయంలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. 2013 డిసెంబరు 11న గెలిచారు కూడా. ఆ గెలుపు అయిదేళ్లు కూడా నిలవలేదు. వాళ్ల భక్తిని నేను శంకించను. అయితే దేవుడి పేరు మీద వాళ్లు కోరుకున్నది ఒక మనిషికి జైలు. అది నా గుండెకు ఎక్కదు.

మన జిల్లాలోనే ర్యాలి ఉంది. ఈ సభలో అక్కడికి వెళ్లనివాళ్లు తక్కువ. ఒకే నల్లరాతి విగ్రహం. ముందు నుంచి చూస్తే శంఖచక్రాలు ధరించిన కేశవస్వామి, వెనక్కి వెళితే జగన్మోహిని. ఎదురుగా శివుడి గుడి. మోహిని వెంట శివుడు వచ్చిన కథను పూజారి చెబుతుంటే చంకన పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు భక్తిగా వింటారు. ఆ విగ్రహం స్వలింగ ప్రేమకు సాక్ష్యమని నేను అనను, అంత తొందర పనికిరాదు. ఇంత మాత్రం అంటాను. మగ, ఆడ అనే గీత దగ్గర దేవుణ్ణే ఆపకుండా, రెండు వైపులా తిరిగి దణ్ణం పెట్టుకునే చూపు కోనసీమ భక్తిలో ముందే ఉంది. మహాభారతం సంగతీ అంతే. పాండవుల ఏడు అక్షౌహిణుల నాయకుల్లో శిఖండి ఒకడు. ఆడపిల్లగా పుట్టాడని అతన్ని శిబిరంలోంచి పొమ్మన్నవాడు పాండవ పక్షంలో లేడు. శిఖండి ముందు నిలిస్తే విల్లెత్తనన్న నియమం భీష్ముడిది. ఆ నియమం భీష్ముణ్ణి కట్టేసింది తప్ప శిఖండిని కట్టెయ్యలేదు. మన నియమాలు మనల్ని కట్టాలి గాని ఎదుటివాడి కాళ్లకు సంకెళ్లు కాకూడదు.

ఈ ఊళ్లోనే కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు కుష్ఠు రోగులకు ఆశ్రమం నడిపారు. ఇంటివాళ్లే బయట పెట్టినవాళ్లకు అన్నం పెట్టి, పుండ్లు కడిగారు. నేను స్వలింగ ప్రేమను రోగంతో పోల్చడం లేదు, అది రోగం కాదు. పోలిక ఆ వెలివేతకూ ఈ వెలివేతకూ. వెలివేసినవాడి దగ్గరికి నడిచి వెళ్లడమే క్రీస్తు మార్గమని ఈ ఊరికి చేతలతో చూపించినవాళ్ల వారసత్వం ఇక్కడి చర్చిలది. ఆ పాస్టర్లను నేను అడుగుతున్నాను, మీ సంఘంలో ఒక జవాను వచ్చి ‘అయ్యగారూ, నేను ఇలాంటివాణ్ణి’ అంటే మీరు ముందు ప్రార్థిస్తారా, ముందు వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తారా?

సైన్యానికి మతంతో వ్యవహరించడం కొత్త కాదు. పలు మతాల జవాన్లున్న పటాలాల్లో సర్వధర్మ స్థలం ఉంటుంది, ఒకే కప్పు కింద అన్ని మతాల దేవుళ్లూ ఉంటారు. పండిట్, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ జూనియర్ కమిషన్డ్ అధికారులుగా జీతం తీసుకుంటారు. ఈ మధ్య ఒక కేసు వచ్చింది. థర్డ్ కావల్రీ పటాలంలో ఒక క్రైస్తవ అధికారి, తన జవాన్ల గుడి, గురుద్వారాల గర్భగృహంలో అడుగు పెట్టనన్నాడు. 2021లో ఉద్యోగం పోయింది. 2025 మే 30న ఢిల్లీ హైకోర్టు, అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు సైన్యం పక్షమే నిలిచాయి. ఆ అధికారి మనస్సాక్షి పట్ల నాకు గౌరవముంది, శిక్ష ఎక్కువైందనే నా అభిప్రాయం. కానీ అక్కడ సైన్యం చెప్పిన సూత్రాన్ని గమనించండి. సొంత మతం కన్నా పటాలం ఐక్యత ముఖ్యం, అన్నారు. మంచిది. అదే సూత్రం ప్రకారం, ‘నా మతం ఒప్పుకోదు, ఆ గే కుర్రాడి పక్కన పడుకోను’ అనే జవానుకు కూడా పటాలమే ముఖ్యమని చెప్పాలి కదా?

అమెరికాలో ఈ చర్చ ఎప్పుడో జరిగింది. 1993లో ‘అడగవద్దు, చెప్పవద్దు’ అనే విధానం పెట్టారు. స్వలింగ ప్రేమికులు నోరు మూసుకుంటేనే ఉద్యోగం. దాన్ని ఎత్తేయాలన్నప్పుడు చాలామంది మాజీ సైనిక మతగురువులు వద్దన్నారు, ఎందరో పాద్రీలు రాజీనామా చేస్తారని భయపెట్టారు. 2011 సెప్టెంబరు 20న విధానం పోయింది. వాళ్లు భయపడినంత రాజీనామాలేవీ రాలేదు. తన మనస్సాక్షికి విరుద్ధమైన పెళ్లి ఏ పాద్రీ జరిపించనక్కర్లేదని చట్టంలోనే రక్షణ ఇచ్చారు. పాద్రీ విశ్వాసం పాద్రీకి ఉంది, జవాను ఉద్యోగం జవానుకు ఉంది. బ్రిటన్ 2000 జనవరిలో నిషేధం ఎత్తేసింది, 2023 జూలైలో ప్రధానమంత్రి పార్లమెంటులో ఆ నిషేధానికి గురైన పాత సైనికులకు క్షమాపణ చెప్పారు.

మన దగ్గర మేజర్ జె. సురేశ్ సైన్యం వదిలాకే, 2020లో, తాను స్వలింగ ప్రేమికుణ్ణని బయటికి చెప్పగలిగారు. ఆయన స్ఫూర్తితో రాసుకున్న సినిమా కథకు 2022లో రక్షణశాఖ అనుమతి ఇవ్వలేదు. కథగా చెప్పుకోవడానికే ఇంత అడ్డు ఉంటే, లోపల ఉన్న కుర్రాడు నోరెలా విప్పుతాడు?

అతను సెలవు మీద ఊరికి వస్తాడు. స్టేషన్‌లో దిగేసరికే సంబంధం చూసి పెట్టి ఉంటారు. ‘మిలట్రీ ఉద్యోగం, పెన్షన్ వస్తుంది, ఇంకేం కావాలి’ అంటారు. అతను కాదనలేడు, కారణం చెప్పలేడు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని పెద్దలు అంటారు. ఏదీ సర్దుకోదు. ఒక ఆడపిల్ల బతుకు కూడా అందులో పడుతుంది. ఆ పిల్లకు మన గుళ్లూ చర్చీలూ ఏం జవాబు చెబుతాయి? పెళ్లి చేసుకోకుండా తనకు కావలసిన మనిషితో బతికాడనుకోండి. అతను సరిహద్దులో చనిపోతే, ఆ బంధాన్ని చట్టం పెళ్లిగా గుర్తించదు కాబట్టి, ఆ తోడుకు పెన్షన్ రాదు. హైదరాబాదులో ఉంటున్న ఒక జంట స్వలింగ వివాహానికి గుర్తింపు కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్తే, 2023 అక్టోబరు 17న కోర్టు కుదరదంది.

అందుకే ఈ వేదిక మీంచి నేను రెండు విన్నపాలు చేస్తున్నాను. మన ఎంపీలు సైన్య చట్టం 46వ సెక్షన్‌లో ‘అసహజం’ అన్న మాట తీసేయాలని పార్లమెంటులో అడగాలి. బలవంతం చేసినవాణ్ణి శిక్షించండి, ప్రేమించినవాణ్ణి కాదు. ఇక ఇక్కడ కూర్చున్న అర్చకులు, పాస్టర్లు, ఇమాములు, తల్లిదండ్రులు, మీ ఇంటి జవాను ఈసారి సెలవుకు వచ్చినప్పుడు పెళ్లిమాట ఎత్తేముందు, ‘నీ మనసులో ఏముంది నాన్నా’ అని ఒక్కసారి అడగండి. ఏం చెప్పినా ఇంట్లోంచి పంపేయబోమని ముందే మాటివ్వండి.