నీటి బ్రాహ్మి – మెట్టసీమలో దాని పెంపకము



తనకల్లు వంటి తావున నీటిమొక్కను గూర్చిన ప్రసంగమనగానే కొందరికి నవ్వు వచ్చును. పాత అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. 2022లో ఈ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, అందువలన మేఘములకు దయ పుట్టలేదు. అయినను ఈ మొక్క కోరునది చెరువంత నీరు గాదు, తడి యారని జానెడు నేల మాత్రమే.

నీటి బ్రాహ్మిని కొందరు సాంబ్రాణి చెట్టందురు. అంగళ్లలో సరస్వతి ఆకును గూడ బ్రాహ్మి యనియే అమ్ముటచే కొనువారు మోసపోవుచున్నారు. సరస్వతి ఆకు గుండ్రనిది. అంచున నొక్కులును, పొడవైన తొడిమయు నుండును. అది కొత్తిమీర, వాము కుటుంబమునకు చెందినది. చరకసంహిత చెప్పిన నాలుగు మేధ్యరసాయనములలో నొకటియగు మండూకపర్ణి యిదియే. నీటి బ్రాహ్మి వేరు. దాని ఆకు వ్రేలిగోరంత, దళసరి, చేదు. జంటలుగా ఎదురెదురుగ పుట్టును. పూవు తెలుపో, లేత ఊదాయో, రేకులయిదు.

1960వ దశకమున లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థవారు దీనినుండి బాకోసైడులను వేరుచేసిరి. తరువాత జరిగిన పరీక్షలలో పలుమార్లు 12 వారములపాటు సేవింపజేసి, జ్ఞాపకశక్తికి కొంత మేలు కలుగుట గమనించిరి. పరీక్షకు ముందురాత్రి నాలుగాకులు నమలు విద్యార్థికి దక్కునది కడుపులో వికారమే!

పెంచుటకు విత్తనముతో పనిలేదు. తీగ కణుపు కణుపునను వేరు దిగును. నాలుగు వ్రేళ్ల పొడవు ముక్కలను కోసి, అడుగున రంధ్రము మూసిన వెడల్పాటి తొట్టిలో, చెరువుమట్టియు మాగిన పశువులయెరువును కలిపి, పది సెంటీమీటర్ల యెడముతో నాటవలెను. మట్టి ఏనాడును ఎండరాదు. మండువేసవిలో మధ్యాహ్నపు నీడ యవసరము. మూడు నెలలకు కోతకు వచ్చును. పెరికివేయక, రెండు వ్రేళ్ల మోడు విడిచి కత్తిరించినచో మరల చిగుర్చును. చలికాలమున ఎదుగుదల మందగించును, చచ్చినదని పారవేయరాదు. కోసిన దానిని నీడలోనే యారబెట్టవలెను.

లక్నోలోనే ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థవారు ప్రజ్ఞాశక్తి, సుబోధక్ అను రకములను రూపొందించిరి. అవి విని ఎకరాలలో వేయ నుత్సహించు రైతు మొదట లెక్క చూచుకొనవలెను. వేసవి దినమున ఆరు మిల్లీమీటర్ల నీరు ఆవిరియగు ననుకొన్నను, ఎకరమునకు 24 వేల లీటర్లు కావలెను. వేరుసెనగకే ఒక్క తడి దొరకని చోట, బోరునీటిని దీనికి పారించుట పొరుగువాని బావిని తోడుకొనుటయే. అదే లెక్కన అడుగున్నర వెడల్పు తొట్టికి దినమున కొక లీటరు చాలును. బియ్యము కడిగిన నీరు పోయవచ్చును. సబ్బునీరు, మురుగునీరు పనికిరావు. ఈ మొక్క మట్టిలోని, నీటిలోని విషలోహములను పీల్చి ఆకులలో దాచుకొనును. కావున మురుగుకాలువ గట్టున ఎంత పచ్చగా కనబడినను, అచ్చటి తీగను నాటుటకు మాత్రమే తెచ్చి, దాని పాత ఆకులను పారవేసి, తొట్టిలో క్రొత్తగా వచ్చిన చిగుళ్లనే వాడవలెను.