హిట్ల లెక్క, ఓట్ల లెక్క

పార్టీ వెబ్‌సైట్ నడిపే కుర్రాళ్లను నాయకుడు ముందుగా అడిగేది ఒకటే: "ఈ నెల హిట్లెన్ని?" లెక్క తెలిసినవాళ్లకు లోలోపల నవ్వొస్తుంది. హిట్ అంటే మనిషి కాదు. సర్వర్ నుంచి ఒక ఫైలు వెళ్లిన ప్రతిసారీ ఒక హిట్ పడుతుంది. ముప్పై ఫోటోలున్న పేజీని ఒక్కరు తెరిచినా కనీసం ముప్పై ఒక్క హిట్లు. అంటే నాయకుడి పర్యటన ఫోటోలు ఎన్ని పెడితే ఆయనకు 'ఆదరణ' అంత పెరుగుతుందన్నమాట! పైగా సెర్చ్ సంస్థల బాట్లు రాత్రింబవళ్లు పేజీలు తిరగేస్తూనే ఉంటాయి. వాటికి ఓటు హక్కు లేదు.

2005 నవంబరులో గూగుల్ అనలిటిక్స్ ఉచితంగా అందుబాటులోకి వచ్చాక చిన్న సంస్థలకు కూడా మెరుగైన కొలత దొరికింది. ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పేజీ దాకా చదివి వెళ్లిపోయారు అన్నవి తెలిశాయి. అయినా ఈ కొలతకు వాడే కుకీ గుర్తుపట్టేది బ్రౌజర్నే. ఒకే కార్యకర్త పొద్దున ఫోన్లో, మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్లో చూస్తే ఇద్దరు పాఠకులుగా లెక్కకొస్తాడు.

అంకెలన్నీ నిజమే అనుకుందాం. అప్పుడు వాటి అర్థమేమిటి? దీనికి హోవర్డ్ డీన్ కథను మించిన పాఠం లేదు. వెర్మాంట్ మాజీ గవర్నరైన ఆయన 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రటిక్ అభ్యర్థిత్వం కోసం ఇంటర్నెట్‌నే నమ్ముకున్నారు. జో ట్రిప్పి సారథ్యంలోని ఆయన ప్రచార వెబ్‌సైట్‌లో విరాళాలు ఎంతవరకు వచ్చాయో చూపే బేస్‌బాల్ బ్యాట్ బొమ్మ ఉండేది. 2003లో 4 కోట్ల డాలర్లకు పైగా పోగయ్యాయి. అందులో చిన్న విరాళాలే ఎక్కువ. చాలా పత్రికలు ఇక ఆయనదే గెలుపు అన్నాయి. 2004 జనవరి 19న అయోవా రాష్ట్రంలో లెక్క తేలింది: ప్రత్యర్థుల్లో కెర్రీకి 38 శాతం, ఎడ్వర్డ్స్‌కు 32, డీన్‌కు 18. చివరికి ఆయన గెలిచిన ఏకైక రాష్ట్రం వెర్మాంట్. అదీ పోటీ నుంచి తప్పుకున్నాక!

సైటు అబద్ధం చెప్పలేదు. అప్పటికే డీన్‌ను ఇష్టపడేవాళ్ల ఉత్సాహాన్ని అది ఉన్నదున్నట్టు చూపింది. ఇష్టపడనివాళ్లు, పట్టించుకోనివాళ్లు ఆ గ్రాఫులోకి రానేరారు. మన దగ్గర లోక్‌సత్తాకూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో, ప్రవాసుల్లో ఎంతో పేరున్న ఆ పార్టీ 2009లో 294 స్థానాల ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీలో ఒక్క కూకట్‌పల్లినే గెలిచింది.

డీన్ తర్వాత అమెరికాలోనే ఒబామా ప్రచార బృందం మరో ప్రశ్న వేసుకుంది: వచ్చినవాళ్లు ఏం చేస్తున్నారు? గూగుల్ నుంచి వచ్చిన డాన్ సిరోకర్ 2007 చివర్లో పేరు నమోదు పేజీని 24 రకాలుగా మార్చి, సుమారు 3 లక్షల 10 వేల మంది సందర్శకులకు ఒక్కొక్కరికి ఒక్కో రకం చూపించారు. సిబ్బంది వీడియోలే గెలుస్తాయనుకున్నారు, అవన్నీ ఓడిపోయాయి. కుటుంబంతో ఉన్న ఒబామా ఫోటో, దాని కింద 'మరింత తెలుసుకోండి' అన్న బటన్ ఉన్న పేజీ నెగ్గింది. పేరు నమోదు చేసుకునేవాళ్లు 8.26 శాతం నుంచి 11.6 శాతానికి పెరిగారు. ఇది మాత్రం పనికొచ్చే లెక్క.

ఇంకో సంగతి. వంటల సైటు చదివితే ఆ మనిషి ఆకలి తెలుస్తుంది, పార్టీ సైటు చదివితే మొగ్గు తెలుస్తుంది. అందుకే 2018లో అమల్లోకి వచ్చిన యూరప్ జీడీపీఆర్ చట్టం రాజకీయ అభిప్రాయాలను ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారంగా చూస్తుంది. మన 2023 డేటా రక్షణ చట్టంలో అలాంటి వేరే వర్గం లేదు. కాబట్టి ఇక్కడ ఆ సమాచారం వాడకంలో నిగ్రహం నిర్వాహకులే పాటించాలి.

ఈ సభలో పార్టీల సైట్లు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. వచ్చే నెల నివేదికలో మొదటి పేజీ నుంచి మొత్తం హిట్ల అంకెను తీసేయండి. టీవీ చర్చ జరిగిన రోజు కొత్తగా వచ్చినవాళ్లలో నెల తర్వాత ఎందరు తిరిగొచ్చారో, ఏ నియోజకవర్గం నుంచి ఎందరు కార్యకర్తలుగా పేరిచ్చారో అక్కడ రాయండి. అంకె చిన్నదైందని నాయకుడు కోప్పడితే, డీన్ కథ చెప్పండి.