హాజరు ఎవరిని అడుగుతున్నరు?

(సోమశిల కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీశైలం నీళ్లు మన ఊర్లను ముంచి నలభై ఏండ్లు దాటింది. 1981లో ఇండ్లు కూలగొట్టి జనాన్ని వెళ్లగొట్టిండ్రు. పట్టా ఉన్నోళ్లకు పరిహారం లెక్క కట్టిండ్రు. ఆ భూముల్లో కూలి చేసి బతికిన మాల మాదిగల కూలి పోతే లెక్క కట్టినోడు లేడు. అప్పుడు భూమి లేనోడు లెక్కలోకి రాలేదు. ఇప్పుడన్నా వచ్చిండా? అదే ఈ రోజు మన ముచ్చట.

2018లో రైతుబంధు వచ్చింది. ఎకరాకు పంటకు 4,000 రూపాయలు, తర్వాత 5,000. పట్టా ఉంటే చాలు. నాగలి పట్టినవా, పట్నంలో ఉన్నవా అని ఎవరూ అడగలేదు. కౌలుదారుకు పైసా లేదు. భూమి లేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా రావడానికి 2025 జనవరి 26 దాకా ఆగాల్సి వచ్చింది. కుటుంబానికి ఏడాదికి 12,000, రెండు విడతల్లో. అదే రోజు మొదలైన రైతు భరోసాలో ఒక్క ఎకరాకే ఏడాదికి 12,000. భూమి లేని ఇల్లు మొత్తం ఒక ఎకరం పాటి అన్నమాట!

అదీ ఊకె ఇయ్యలేదు. 2023-24లో ఆ కుటుంబం ఉపాధి హామీ పని కనీసం 20 రోజులు చేసి ఉండాలని షరతు పెట్టిండ్రు. పట్టాదారును అడగని హాజరు కూలోన్ని అడిగిండ్రు.

ఆ 20 రోజులు ఎవరికి ఉండవు? మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ఆలుమగలు బొంబాయి, పూనా దారి పట్టిన ఇంటికి ఉండవు. మగడు వలసల ఉండి, నెలల బిడ్డతో తట్ట మోయలేని బాలింత ఇంటికి ఉండవు. ఆసరా ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లనే పక్కకు పెట్టిండ్రు.

"ఊకె పైసలిస్తే కూలోళ్లు సోమరులైతరు" అని పెద్దమనుషులు అంటరు. నెలకు 1,000 రూపాయలతో ఏ ఇల్లు కాలు మీద కాలేసుకొని కూసుంటది? మెక్సికో, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ లాంటి ఆరు దేశాల పథకాలను అభిజిత్ బెనర్జీ, ఆయన తోటివాళ్లు పరిశీలించి 2017లో రాసిండ్రు: పైసలు అందిన పేదలు పని మానేసినట్టు ఆధారం దొరకలేదు.

తల్లికి పని దూరం చేసేది పైస కాదు, బిడ్డను చూసే దిక్కు లేకపోవుడు. మేము బడిపంతుళ్లం. మా హాజరు పట్టీలోనే ఇది కనపడతది. తల్లి కూలికి పోతే తమ్మున్ని ఎత్తుకొని పెద్దపిల్ల ఇంట్ల ఉంటది. తల్లి ఇంట్ల ఉంటే ఆ పూట కూలి పోతది. 2005 ఉపాధి హామీ చట్టంలో, పనికాడ ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే, వాళ్లను చూసేందుకు ఒక ఆడమనిషిని కూలి ఇచ్చి పెట్టాలని రాసిండ్రు. ఏ చెరువు పనికాడ ఆ మనిషిని చూసిండ్రో మీరే చెప్పండి. 2025 డిసెంబర్లో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 125 రోజుల పని అంటున్నరు. పిల్లల మాట ఇప్పుడే గట్టిగ అడగాలె.

అంబేద్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లును సమర్థించిండు. కాన్పుకు ముందు తల్లికి విశ్రాంతి ఉండాలన్నడు, ఆ భారం ఎక్కువ భాగం సర్కారే మోయాలన్నడు.

కాబట్టి ఇయ్యాల ఇంటికి పోయి ఒక పని చేద్దాం. మన వాడల 20 రోజుల షరతుతో పేరు రాని ఇండ్లు ఎన్నో రాద్దాం. వలస పోయిన ఇల్లు, బాలింత ఉన్న ఇల్లు వేరుగ గుర్తు పెడదాం. చదువు రానోళ్లకు మేము రాసిపెడతం. ఆ కాగితం గ్రామసభలో అందరి ముందు చదివి, రశీదు తీసుకుందాం. షరతు ఎత్తేయాలె, పనికాడ పిల్లలను చూసే మనిషిని పెట్టాలె.

మన కూలి లెక్క ఈసారి మనమే రాద్దాం. జై భీమ్.