సెనేటరు ఫుల్‌బ్రైట్

ప్రజాప్రతినిధి తన అంతరాత్మ చెప్పినట్లు నడచుకోవలెనా, తనను ఎన్నుకొన్నవారి ఇష్టాన్ని అనుసరించవలెనా అన్నది ప్రజాస్వామ్యంలో చిరకాలపు ప్రశ్న. అమెరికాలోని దక్షిణ రాష్ట్రమైన ఆర్కాన్సా పక్షాన 1945 మొదలు 1974 వరకు సెనేటులో సభ్యులుగా ఉన్న విలియం ఫుల్‌బ్రైట్ జీవితంలో ఈ ప్రశ్న అడుగడుగునా ఎదురవుతుంది.

1905లో జన్మించిన ఫుల్‌బ్రైట్ ఆక్స్‌ఫర్డులో విద్యనభ్యసించి, 1939లో ఆర్కాన్సా విశ్వవిద్యాలయానికి అధ్యక్షులైనారు. గవర్నరు ఆగ్రహం వల్ల 1941లో ఆ పదవిని కోల్పోయినారు. 1944లో సెనేటు అభ్యర్థిత్వానికి జరిగిన పోటీలో ఆ గవర్నరునే ఓడించినారు.

1946లో ఆయన చొరవతో ఒక శాసనం వెలువడింది. ప్రపంచ యుద్ధం ముగిసిన పిదప విదేశాలలో మిగిలిన అమెరికా సామగ్రిని విక్రయించగా వచ్చిన ధనాన్ని విద్యార్థుల, పండితుల రాకపోకలకు వినియోగించడం దాని ఉద్దేశం. 1950 ఫిబ్రవరిలో నెహ్రూగారి సంతకంతో భారతదేశం ఈ ఏర్పాటులో చేరింది. ఫుల్‌బ్రైట్ వేతనమనే మాట మన విద్యావంతుల ఇండ్లకు అట్లా పరిచయమైనదే.

మెకార్తీ ఎందరినో కమ్యూనిస్టులని నిందిస్తూ దేశాన్ని భయపెడుతున్న రోజులలో, 1954లో, ఆయన విచారణ సంఘానికి ధనం మంజూరు చేయరాదని సెనేటులో వోటు వేసినవారు ఫుల్‌బ్రైట్ ఒక్కరే. 1959 నుండి విదేశాంగ సంఘానికి ఆయన అధ్యక్షత వహించినారు. వియత్నాంలో యుద్ధానికి దారితీసిన 1964 నాటి టాంకిన్ తీర్మానాన్ని సెనేటులో తామే నడిపించినారు; పొరపాటు గ్రహించి, 1966లో ఆ యుద్ధంపై బహిరంగ విచారణ జరిపి, తమ పక్షానికే చెందిన దేశాధ్యక్షుని ఎదిరించినారు.

అంతటి ధీరుడు ఒక్క విషయంలో వెనుకంజ వేసినారు. పాఠశాలలలో జాతివివక్ష చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పును నిరసిస్తూ దక్షిణాది సభ్యులు 1956లో వెలువరించిన ప్రకటనపై ఆయనా సంతకం చేసినారు. 1964లో పౌరహక్కుల శాసనానికి, 1965లో వోటు హక్కుల శాసనానికి వ్యతిరేకంగా వోటు వేసినారు. అట్లా చేయకున్న ఆర్కాన్సా వోటర్లు తమను సెనేటులో ఉండనిచ్చేవారు కారన్నది ఆయన సమాధానం. కాని ఆర్కాన్సాలోని నల్లజాతివారికి సైతం ఆయనే కదా ప్రతినిధి! వారి మాట ఎవరు చెప్పవలె?

1974లో స్వపక్షపు అభ్యర్థిత్వానికి జరిగిన ఎన్నికలో ఆ వోటర్లే ఆయనను ఓడించినారు. 1995లో ఆయన కీర్తిశేషులైనారు. దేశదేశాల విద్యార్థులు ఆయన పేరును నేటికీ కృతజ్ఞతతో తలుస్తున్నారు. ఆ కృతజ్ఞత న్యాయమైనదే. అయితే లోకానికి నిర్భయంగా చెప్పగలిగిన మాటను సొంత ఊరిలో చెప్పడం ఎంత కష్టమో కూడా ఆయన చరిత్రే మనకు తెలుపుతున్నది.