మిస్‌ఫిట్స్ చిత్రమూ, మా బందెలదొడ్డీ

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కాకుండా ఇంకేదైనా మాట్లాడమని కార్యదర్శిగారు ముందే షరతు పెట్టారు. కాబట్టి ఒక సినిమా గురించి చెబుతాను.

కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో, పగలంతా పిల్లల కార్టూన్లు వచ్చే ఛానల్లోనే రాత్రిళ్ళు పాత హాలీవుడ్ చిత్రాలు వేసేవారు. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ పిచ్చి నాకు అప్పుడు పట్టుకున్నదే. మొన్నీమధ్య మా మనవడు తన కంప్యూటర్లో ఒక చిత్రం పెట్టి, "తాతయ్యా, ఇందులో గుర్రాలున్నాయి" అని కూర్చోబెట్టాడు. పేరు 'ది మిస్‌ఫిట్స్'. అంటే ఎక్కడా ఇమడనివాళ్ళు అని చెప్పుకోవచ్చు. 1961లో వచ్చిన నలుపు తెలుపు చిత్రం. కథ ఆర్థర్ మిల్లర్‌ది, దర్శకుడు జాన్ హ్యూస్టన్. క్లార్క్ గేబుల్, మార్లిన్ మన్రో, మాంట్‌గొమెరీ క్లిఫ్ట్, ఈలై వాలక్ నటించారు.

కథ నెవాడా రాష్ట్రంలో, రీనో అనే ఊళ్ళో మొదలవుతుంది. అక్కడ ఆరు వారాలు కాపురముంటే విడాకులు త్వరగా దొరికేవి. అలా విడాకులకు వచ్చిన అమ్మాయి మన్రో. వయసు మళ్ళుతున్న కౌబాయ్ గేబుల్. ఊరికి దూరంగా స్నేహితుడు సగం కట్టి వదిలేసిన ఇంట్లో ఇద్దరూ కాపురం పెడతారు. జన్మలో మొక్క నాటని మనిషి ఆమె కోసం కూరగాయల మడి వేస్తాడు. కుందేలొచ్చి ఆకులు కొరికితే అతను తుపాకీ తీస్తాడు, ఆమె వద్దంటుంది. అసలు తగాదా అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

ఈ కౌబాయ్‌లకు ఒకటే గర్వం. ఏ పనైనా చేస్తారు గానీ నెల జీతానికి ఒకరి కింద పనిచెయ్యరు. ముప్ఫై ఆరేళ్ళు ఒకటో తారీఖు కోసం ఎదురుచూసిన నాలాంటివాడికి ఆ మాట కాస్త గుచ్చుకున్నది. సరే, ఇంతకీ వాళ్ళు చేసే పనేమిటి? కొండల్లో తిరిగే అడవి గుర్రాలను పట్టడం. వాటిని మస్టాంగులంటారు. ఒకప్పుడు స్వారీకి, బండికి అమ్మేవారట. ఇప్పుడు కొనేది కుక్కల మేత తయారుచేసేవాళ్ళు, అదీ తూకం లెక్కన. పని అదే, తాడు అదే, నైపుణ్యమూ అదే. కాని దాని అర్థం మారిపోయింది. గేబుల్ అది ఒప్పుకోలేడు.

చివరి అరగంట చూసి తీరవలసిందే. వాలక్ విమానంతో కొండల్లోంచి గుర్రాలను తరుముతాడు. తరవాత ఎండిన సరస్సు మీద లారీతో వెంటాడి, మెడకు తాడు వేస్తారు. తాడు రెండోకొసకు బరువైన టైరు కట్టి ఉంటుంది. గుర్రం ఆ టైరును ఈడ్చి ఈడ్చి అలసి నిలబడుతుంది. ఇంతా చేసి దొరికేది నాలుగు ఆడగుర్రాలు, ఒక మగది, ఒక పిల్ల. ఆ బయల్లో నిలబడి మన్రో పెట్టే కేక వింటే ఒళ్ళు జలదరిస్తుంది. క్లిఫ్ట్ మనసు మారి కట్లు విప్పేస్తాడు. గేబుల్ మాత్రం మగ గుర్రాన్ని ఒంటిచేత్తో మళ్ళీ పట్టి, కట్టి, ఆ తరవాత తానే తాడు కోసి వదిలేస్తాడు. ఒకరు చెబితే వదలలేదని తనకు తాను చెప్పుకోవాలి గదా!

చిత్రీకరణ ముగిసిన కొద్ది రోజులకే, 1960 నవంబరు 16న గేబుల్ పోయాడు. చిత్రం విడుదలైన ఫిబ్రవరి 1 అతని షష్టిపూర్తి నాడు. మన్రో పూర్తిచేసిన చివరి చిత్రమూ ఇదే. 1962 ఆగస్టులో ఆమె పోయింది. ఈ కథను ఆమె కోసం రాసిన మిల్లర్ ఆమె భర్తే. చిత్రం విడుదలకు ముందే వాళ్ళూ విడాకులు తీసుకున్నారు.

ఇంకొక సంగతి తెలిసి నాకు ఆశ్చర్యం వేసింది. ఆ రీనోలోనే వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ ఒక ఆఫీసులో సెక్రటరీ. మనలాంటి ఉద్యోగే. 1950లో ఒకరోజు పనికి వెళుతూ ముందున్న బండిలోంచి నెత్తురు కారడం చూసి, దాని వెనకే వెళ్ళింది. లోపల మాంసానికి తోలుకుపోతున్న గుర్రాలు. తన సీటు పని కాదని ఊరుకోలేదు. ఉత్తరాలు రాసింది, బడిపిల్లల చేతా రాయించింది. ప్రభుత్వ భూముల్లో విమానాలతో, మోటారు బళ్ళతో అడవి గుర్రాలను వేటాడకూడదని 1959లో చట్టం వచ్చింది. చిత్రం తీసేనాటికే అది అమలులో ఉన్నది. 1971లో వాటి రక్షణకు ఇంకా గట్టి చట్టం వచ్చింది.

సీటు పని అన్నాను. 1979లో పురపాలక సంఘంలో నా సీటుకు బందెలదొడ్డి రిజిస్టరు ఉండేది. పశువుల బందెల చట్టం 1871 నాటిది. అందులో పశువంటే గుర్రం, ఒంటె, ఏనుగు కూడా. ఆటోలు వచ్చి జట్కాలు మూలపడుతున్న రోజులవి. ఎముకలు తేలిన గుర్రం ఒకటి రోడ్లమీద తిరుగుతుంటే దొడ్డిలో పెట్టారు. గడువుకు ముందురోజు జట్కా సాయిబు వచ్చాడు. జరిమానా, మేత ఖర్చు కలిపి సగమే తెచ్చాడు. మొత్తం కడితేనే రసీదు అన్నాను. మర్నాడు వేలంపాటలో పొరుగూరి తోళ్ళ వ్యాపారి పాడుకున్నాడు. సాయిబు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నేను చలానా రాశాను. ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాలేదు.

రాత్రి భోజనం దగ్గర ఈ మాట చెబితే మా ఆవిడ, "ఆ సగం మీరు వేసుకోలేకపోయారా?" అన్నది. అది నా సీటు పని కాదన్నాను. మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది.

సినిమా అయ్యాక మనవడికి ఇదంతా చెప్పాను. వాడు అంతా విని, "ఆ సగం ఎంత, తాతయ్యా?" అని అడిగాడు.

పధ్నాలుగు రూపాయలు. అప్పటికి నా జీతం అన్నీ కలిపి అయిదు వందల పైమాటే.